ఒకే గ్రిడ్‌కు రెండు లెక్కలా? – విద్యుత్ నమూనాలలో లోడ్, జనరేటర్ వివరాల సమన్వయం

ప్రత్యేక వ్యాసం

విద్యుచ్ఛక్తి నేటి సమాజానికి జీవనాడి. పొలంలోని మోటారు మొదలుకొని ఆసుపత్రిలోని శస్త్రచికిత్స గది వరకు అన్నీ దీనిపై ఆధారపడినవే. అయితే ఈ శక్తికి ఒక విశిష్ట లక్షణం ఉన్నది. ధాన్యం వలె గాదెలో పోసి, నీటి వలె చెరువులో నిలిపి అవసరమైనప్పుడు తీసుకొనేంత భారీ స్థాయిలో దీనిని నిల్వ చేయడం నేటికీ పరిమితంగానే సాధ్యమవుతున్నది. ఏ క్షణంలో ఎంత వినియోగం ఉన్నదో ఆ క్షణంలో అంతే ఉత్పత్తి జరగవలసి ఉంటుంది. ఈ సమతూకం తప్పిన మరుక్షణం గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ నుండి పక్కకు జరుగుతుంది. మన దేశంలో దీనిని 49.90 నుండి 50.05 హెర్ట్జ్ మధ్య నిలపాలన్నది గ్రిడ్ నియమావళి నిర్దేశం.

ఇంతటి సున్నితమైన వ్యవస్థను నడిపే ఇంజనీర్లకు ప్రధాన ఆధారం కంప్యూటర్ నమూనాలు. ఆ నమూనాలలో నమోదైన లోడ్, జనరేటర్ వివరాలు ఒకదానితో ఒకటి సరిపోలుతున్నాయా లేదా అని సరిచూసే పని ప్రజలకు కనిపించదు, పత్రికలలో శీర్షిక కాదు. కాని ఆ పని జరగని చోట దాని ఫలితం మాత్రం అందరికీ కనిపిస్తుంది.

రాష్ట్రంలో నిన్నటి గరిష్ఠ విద్యుత్ డిమాండ్ ఎంత అన్న ప్రశ్నకు రెండు చోట్ల నుండి రెండు అంకెలు రావడం పాత్రికేయ మిత్రులకు కొత్త కాదు. వీటిలో ఒకటి ఒప్పు, మరొకటి తప్పు అని నిర్ధారణకు రావడం కూడా పరిపాటి. వాస్తవానికి రెండు అంకెలూ వాటి వాటి నిర్వచనం మేరకు సరైనవే కావచ్చు. ఆ తేడా ఎందుకు వచ్చినదో చెప్పగలవారు ఎవరూ లేనప్పుడే అది ప్రమాదానికి దారి తీస్తుంది. తేడా వార్తలోని అంకెల మధ్య ఉంటే మరునాటి సవరణతో సరిపోతుంది. అదే తేడా గ్రిడ్‌ను నడిపే నమూనాల మధ్య ఉంటే లక్షలాది గృహాలు చీకటిలో మునిగే పరిస్థితి రావచ్చు. ఈ విషయాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నమూనా అనగానేమి?

కంప్యూటర్ నమూనా అనగా గ్రిడ్‌కు గణిత రూపంలో తీసిన ప్రతిబింబం. ప్రతి విద్యుత్ కేంద్రం, ప్రతి లైను, ప్రతి ట్రాన్స్‌ఫార్మర్, ప్రతి సబ్‌స్టేషన్ వద్ద వినియోగం ఇందులో అంకెలుగా నమోదై ఉంటాయి. ఫలానా 400 కె.వి. లైను హఠాత్తుగా ఆగిపోతే మిగిలిన లైన్లపై ఎంత భారం పడుతుంది, ఫలానా కేంద్రంలో ఒక యూనిట్ నిలిచిపోతే ఏ ప్రాంతంలో వోల్టేజి పడిపోతుంది వంటి ప్రశ్నలకు నిజమైన గ్రిడ్‌పై ప్రయోగం చేసి సమాధానం రాబట్టడం కుదరదు. అందువలన ఆ ప్రయోగం నమూనాపై జరుగుతుంది.

ఒకే గ్రిడ్‌కు ఇటువంటి నమూనాలు కనీసం రెండు ఉంటాయి. మొదటిది ప్రణాళికా నమూనా. రానున్న కొన్ని సంవత్సరాలలో ఏ లైను, ఏ సబ్‌స్టేషన్ నిర్మించాలో నిర్ణయించేందుకు ప్రసార సంస్థలు, కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ వంటివి దీనిని వినియోగిస్తాయి. ఇందులో లోడ్ అనేది అంచనా. ఒక సబ్‌స్టేషన్ కింద ఉన్న పట్టణాలు, పల్లెలు, పరిశ్రమలు అన్నీ కలిపి తరచు ఒకే అంకెగా చూపబడతాయి. రెండవది నిర్వహణా నమూనా. లోడ్ డిస్పాచ్ కేంద్రాలలో కొద్ది సెకన్లకోసారి అందే కొలతల ఆధారంగా ఇది పని చేస్తుంది. ఇందులో ప్రతి బ్రేకర్, ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ విడివిడిగా కనిపిస్తాయి.

ఒకటి భవిష్యత్తు కొరకు, మరొకటి వర్తమానం కొరకు తయారైనవి. వీటిని రూపొందించిన వారు వేరు, అవసరాలు వేరు, పేర్లు పెట్టే పద్ధతి వేరు. కాని రెండూ చూపుతున్నది ఒకే తీగలను, ఒకే యంత్రాలను, ఒకే వినియోగదారులను. కనుక ఏదైనా ఒక గంటను తీసుకొని రెంటినీ పక్కపక్కన ఉంచినప్పుడు అవి ఒకే మాట చెప్పాలి. చెప్పని పక్షంలో ఎక్కడ, ఎందుకు, ఎంత మేరకు తేడా ఉన్నదో తేల్చి సరిదిద్దడాన్నే సమన్వయం అంటారు.

1996 ఆగస్టు 10: నమూనా చెప్పినది వేరు, జరిగినది వేరు

ఈ సమన్వయం ఎంత అవసరమో ప్రపంచానికి తెలియజెప్పిన ఘటన అమెరికా పశ్చిమ ప్రాంతంలో 1996 ఆగస్టు 10న సంభవించినది. వేసవి మధ్యాహ్నం ఎండ తీవ్రతకు, అధిక భారానికి వేడెక్కి సాగిన లైన్లు కిందనున్న చెట్లను తాకి ఒకదాని వెంట ఒకటి ఆగిపోయాయి. ఆరెగాన్‌లోని కీలర్ – ఆల్‌స్టన్ 500 కె.వి. లైను ఆగిన తరువాత పరిస్థితి వేగంగా విషమించినది. కొలంబియా నదిపై ఉన్న మెక్‌నరీ జలవిద్యుత్ కేంద్రంలోని యూనిట్లు వరుసగా నిలిచిపోయాయి. అనంతరం గ్రిడ్‌లో విద్యుత్ ప్రవాహం ఊయల వలె ఊగనారంభించి, ప్రతి ఊపూ ముందరి దానికన్నా పెద్దదై, చివరకు ఆ మహా గ్రిడ్ నాలుగు ముక్కలైనది. 30,000 మెగావాట్లకు పైగా లోడ్ కోల్పోగా, సుమారు 75 లక్షల వినియోగదారులకు సరఫరా నిలిచిపోయినది.

చీకటి తొలగిన తరువాత ఇంజనీర్లు అప్పటి ప్రామాణిక నమూనాలో అవే లైన్లను, అవే యూనిట్లను అదే వరుసలో ఆపి చూశారు. నమూనాలో గ్రిడ్ కూలిపోలేదు. కొద్దిసేపు ఊగి, క్రమంగా నిలదొక్కుకొన్నది. వాస్తవంలో పెరుగుతూ పోయిన ఊపులు నమూనాలో తగ్గుతూ పోయాయి. అనగా అంతవరకు ఏ లెక్కలను నమ్మి లైన్లపై అంత విద్యుత్ పంపారో ఆ లెక్కలు వాస్తవాన్ని ప్రతిబింబించడం లేదని తేలినది.

లోపం సమీకరణాలలో కన్నా వాటిలో నింపిన వివరాలలోనే ఎక్కువగా ఉన్నట్లు అధ్యయనాలు వెల్లడించాయి. అనేక థర్మల్ యూనిట్ల గవర్నర్లు, అనగా ఫ్రీక్వెన్సీ పడిపోయినప్పుడు ఉత్పత్తిని పెంచవలసిన నియంత్రణ యంత్రాలు, నమూనాలో చురుకుగా స్పందిస్తున్నట్లు చూపబడ్డాయి. వాస్తవంలో వాటిలో పలు యూనిట్లు స్పందించని రీతిలో నడుస్తున్నాయి. మోటార్ల వంటి లోడ్‌లు వోల్టేజి తగ్గినప్పుడు ఎలా ప్రవర్తిస్తాయో నమూనా సరిగా చూపలేదు. అధిక వోల్టేజి డి.సి. లైను నియంత్రణ వివరాలు కూడా అసంపూర్ణంగానే ఉన్నాయి. వీటిని సవరించిన పిమ్మట అదే నమూనా ఆనాటి ఊపులను యథాతథంగా చూపగలిగినది. ఈ అనుభవంతో పశ్చిమ అమెరికా విద్యుత్ సంస్థలు జనరేటర్లను స్వయంగా పరీక్షించి, కొలిచిన వివరాలనే నమూనాలో చేర్చే విధానాన్ని చేపట్టాయి.

తేడాలు ఎక్కడ పుడతాయి?

రెండు నమూనాల మధ్య లోడ్, జనరేటర్ వివరాలలో తేడాలు రావడానికి కారణాలను స్థూలంగా అయిదుగా విభజించవచ్చు.

మొదటిది పేరు. మనిషికి ఒకటిగా తోచేవి కంప్యూటరుకు రెండుగా తోస్తాయి. విశాఖపట్నంలోని గాజువాక పేరును ఊరి వ్యవహారంలో ఇంగ్లీషు అక్షరాలలో ఒక విధంగా, విద్యుత్ రికార్డులలో మరొక విధంగా వ్రాయడం కద్దు. విజయవాడ థర్మల్ కేంద్రానికి డాక్టర్ నార్ల తాతారావు పేరు పెట్టిన తరువాత కూడా పాత పేరు వాడుకలో ఉన్నది. కొందరు ఊరి పేరుతో ఇబ్రహీంపట్నం అని కూడా వ్యవహరిస్తారు. అదే పేరుగల ఊరు హైదరాబాదు సమీపాన మరొకటి ఉన్నది. పేరును మాత్రమే చూసి జత కలిపితే ఒకే కేంద్రం రెండుసార్లు లెక్కకు రావచ్చు, లేదా రెండు వేర్వేరు చోట్లు ఒకటిగా కలిసిపోవచ్చు.

రెండవది కాలం. ఒక ఉదాహరణ చూద్దాం. వ్యవసాయ ప్రాంతంలోని ఒక సబ్‌స్టేషన్ గరిష్ఠ లోడ్ ఉదయం 11 గంటలకు 60 మెగావాట్లు, రాత్రి 7 గంటలకు 30 మెగావాట్లు అనుకొందాం. పట్టణంలోని మరొక సబ్‌స్టేషన్ ఉదయం 25, రాత్రి 50 మెగావాట్లు తీసుకొంటున్నది. రెంటి గరిష్ఠాలను కూడితే 110 మెగావాట్లు అవుతుంది. కాని ఆ రెండూ కలిసి ఏ గంటలోనూ 85 మెగావాట్లను మించి తీసుకోలేదు. ప్రణాళికా నమూనాలో విడివిడి గరిష్ఠాలను, నిర్వహణా నమూనాలో ఒకే గంట కొలతలను వాడితే ఇక్కడే 25 మెగావాట్ల తేడా పుడుతుంది. రాష్ట్రమంతటా ఉన్న వందలాది సబ్‌స్టేషన్లకు ఇదే వర్తింపజేస్తే తేడా ఎంత పెరగగలదో ఊహించవచ్చు.

మూడవది స్థూల, నికర ఉత్పత్తుల భేదం. బొగ్గు కేంద్రంలో తయారైన విద్యుత్తులో కొంత భాగం ఆ కేంద్రంలోని పంపులకు, ఫ్యాన్లకు, బొగ్గు మిల్లులకే ఖర్చవుతుంది. 210 మెగావాట్ల తరగతి యూనిట్లలో ఇది సుమారు ఎనిమిదిన్నర శాతంగా పరిగణించబడుతున్నది. నార్ల తాతారావు కేంద్రంలోని తొలి ఆరు యూనిట్ల స్థాపిత సామర్థ్యం 1,260 మెగావాట్లు. పై లెక్కన అవి పూర్తి సామర్థ్యంతో నడిచినప్పుడు స్వంత వినియోగం దాదాపు 107 మెగావాట్లు. శ్రీశైలం కుడిగట్టు కేంద్రంలోని ఒక యూనిట్ సామర్థ్యం 110 మెగావాట్లు అన్న విషయాన్ని దీనితో పోల్చి చూడవచ్చు. ఒక నమూనా స్థూల ఉత్పత్తిని చూపి స్వంత వినియోగాన్ని విస్మరించినా, లేదా నికర ఉత్పత్తిని చూపి స్వంత వినియోగాన్ని మరల లోడ్‌గా కూడా చూపినా, లేని జలవిద్యుత్ యూనిట్ ఒకటి కాగితంపై పుట్టినట్లు, లేదా ఉన్నది ఒకటి మాయమైనట్లు అవుతుంది.

నాల్గవది కొలిచే చోటు. 33 కె.వి. వైపు కొలిచిన లోడ్‌కు, 132 కె.వి. లేదా 220 కె.వి. వైపు కొలిచిన లోడ్‌కు మధ్య ట్రాన్స్‌ఫార్మర్, లైన్ల నష్టాలు ఉంటాయి. పైస్థాయిలో కొలిచిన లోడ్‌ను కిందిస్థాయిలో ఉంచితే నష్టాలు రెండుసార్లు లెక్కకు వస్తాయి.

అయిదవది సరిహద్దు. ఇది మన తెలుగు రాష్ట్రాలకు ప్రత్యేకంగా సంబంధించిన అంశం కనుక కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది.

తీగలు మారలేదు, లెక్కలు మారాయి

2014 జూన్ 2న రాష్ట్ర పునర్విభజన అమలులోకి వచ్చినది. ఆనాడు గ్రిడ్‌లో ఒక్క తీగ కూడా తెగలేదు, ఒక్క యంత్రం కూడా కదలలేదు. అయినప్పటికీ నమూనాలలో ఒకే ప్రాంతంగా ఉన్న వ్యవస్థ రెండైనది. ఒకే జలాశయంపై ఉన్న శ్రీశైలం కేంద్రాలలో 770 మెగావాట్ల కుడిగట్టు కేంద్రం ఆంధ్రప్రదేశ్‌కు, 900 మెగావాట్ల ఎడమగట్టు కేంద్రం తెలంగాణకు చెందాయి. ఖమ్మం జిల్లాలో ఉండిన 460 మెగావాట్ల దిగువ సీలేరు కేంద్రం, మండలాల బదలాయింపుతో ఆంధ్రప్రదేశ్ పరిధిలోకి వచ్చినది.

ఇదే సమయంలో రెండు రాష్ట్రాల జెన్‌కో కేంద్రాల విద్యుత్తును తెలంగాణకు 53.89 శాతం, ఆంధ్రప్రదేశ్‌కు 46.11 శాతం చొప్పున పంచుకొనే ఏర్పాటు 2017 వరకు కొనసాగినది. ఇక్కడ రెండు వేర్వేరు సత్యాలను గుర్తించాలి. విద్యుత్తు ఎక్కడ పుట్టినది అన్నది యంత్రం ఉన్న చోటును బట్టి నిర్ణయమవుతుంది. అది ఎవరి ఖాతాలో జమ అయినది అన్నది వాటాను బట్టి నిర్ణయమవుతుంది. తీగలలో ప్రవాహం భౌతిక శాస్త్ర నియమాలను అనుసరిస్తుంది. దానికి వాటాలతో నిమిత్తం లేదు. అందువలన నమూనాలో జనరేటర్‌ను అది ఉన్న చోటనే చూపాలి. వాటాల లెక్కను ఖాతా పుస్తకాలకే పరిమితం చేయాలి. ఈ రెంటినీ కలగలిపితే ఒక రాష్ట్రం ఉత్పత్తి పెరిగినట్లు, మరొక రాష్ట్రం ఉత్పత్తి తగ్గినట్లు కనిపించి, రెండు రాష్ట్రాల మధ్య లైన్లపై లేని ప్రవాహం ఉన్నట్లు నమూనా చూపుతుంది.

ఇటువంటిదే మరొక ఉదాహరణ తాల్చేరు. ఒడిశాలోని తాల్చేరు రెండవ దశకు చెందిన 2,000 మెగావాట్ల కేంద్రం దక్షిణాది రాష్ట్రాల అవసరాల కొరకు నిర్మితమైనది. ఆ విద్యుత్తు తాల్చేరు – కోలారు డి.సి. లైను ద్వారా కర్ణాటకకు చేరుతుంది. తూర్పు, దక్షిణ గ్రిడ్లను విడివిడిగా అధ్యయనం చేసేటప్పుడు ఈ లైను తూర్పు నమూనాలో ఒక లోడ్‌గా, దక్షిణ నమూనాలో ఒక జనరేటర్‌గా కనిపించడం సహజం. రెండు నమూనాలను కలిపి ఒకటి చేసేటప్పుడు ఆ లోడ్‌ను, ఆ జనరేటర్‌ను తొలగించి లైనును లైనుగానే చూపాలి. ఒకటి తొలగించి రెండవది మరచిపోతే దేశం మొత్తం లెక్కలో వేలాది మెగావాట్లు అదనంగా చేరతాయి, లేదా లోపిస్తాయి.

2013 డిసెంబరు 31న రాయచూరు – షోలాపూర్ 765 కె.వి. లైను ద్వారా దక్షిణ గ్రిడ్ మిగిలిన దేశంతో ఒకే ఫ్రీక్వెన్సీపై అనుసంధానమైనది. అంతకు పూర్వం, 2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలినప్పుడు, రెండవ రోజున దాదాపు 48,000 మెగావాట్ల లోడ్‌కు సరఫరా నిలిచిపోయినప్పటికీ, దక్షిణాది సురక్షితంగా నిలిచిన సంగతి విదితమే. ఆనాడు డి.సి. అనుసంధానాలు మాత్రమే ఉండటం ఇందుకు కారణం. ఏకీకృత గ్రిడ్ వలన విద్యుత్ బదిలీ సౌలభ్యం, పరస్పర సహాయం ఎంతగానో పెరిగాయి. అదే సమయంలో ఎక్కడి అలజడి అయినా మన వరకు రాగలదు. కనుక మన నమూనా మన రాష్ట్రం వరకు సరిగా ఉంటే చాలదు. పొరుగు రాష్ట్రాల నమూనాలతోను, జాతీయ నమూనాతోను పొసగాలి.

లోడ్ అంటే కేవలం అంకె కాదు

లోడ్ ఎంత అన్నదే కాక, అది ఎటువంటిది అన్నది కూడా నమూనాకు తెలియాలి. వోల్టేజి కొద్దిగా తగ్గితే పాత రకం బల్బు మసకబారి తక్కువ విద్యుత్తు తీసుకొంటుంది. పంపుసెట్టు మోటారు అలా కాదు. తన పని తాను చేయడానికి అది ఎక్కువ కరెంటు లాగుతుంది. వోల్టేజి మరీ తగ్గితే తిరగలేక నిలిచిపోయి, ఆ స్థితిలో మరింత కరెంటు లాగి చుట్టుపక్కల వోల్టేజిని ఇంకా కిందికి దించుతుంది. వ్యవసాయ పంపుసెట్లు అధికంగా ఉన్న ప్రాంతాన్ని, దీపాలు అధికంగా ఉన్న ప్రాంతాన్ని నమూనాలో ఒకే రకంగా చూపడం పొరపాటు కాగలదు.

పంపుసెట్ల లోడ్ కాలాన్ని బట్టి, ప్రభుత్వ విధానాన్ని బట్టి కూడా మారుతుంది. రబీలో ఒక తీరు, వానాకాలంలో మరొక తీరు. గతంలో రాత్రి వేళ ఎక్కువగా సాగిన వ్యవసాయ సరఫరా పగటికి మారినప్పుడు రాష్ట్ర లోడ్ రేఖ రూపమే మారిపోతుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి వ్యవసాయానికి 24 గంటల సరఫరా ప్రారంభమైనప్పుడు అక్కడి లోడ్ తీరు కూడా అదే విధంగా మారినది. విధానం మారిన నాటి నుండి నమూనా మారకపోతే, అది గడచిపోయిన కాలపు రాష్ట్రాన్ని చూపుతున్నట్లే.

సౌర విద్యుత్తు ఈ సమస్యకు కొత్త పార్శ్వాన్ని జోడించినది. ఇళ్ల పైకప్పుల మీద, చిన్న ఫీడర్ల మీద ఉన్న సౌర ఫలకాలు అక్కడి వినియోగంలో కొంత భాగాన్ని అక్కడే తీరుస్తాయి. ఉదాహరణకు ఒక సబ్‌స్టేషన్ కింద నిజమైన వినియోగం 40 మెగావాట్లు, సౌర ఉత్పత్తి 15 మెగావాట్లు అయితే మీటరుకు కనిపించేది 25 మెగావాట్లు మాత్రమే. ఒక నమూనా 25 అనీ, మరొక నమూనా 40 అనీ చెబితే రెండూ నిజమే. కాని సూర్యాస్తమయంతోనో, ఏదైనా అలజడి వలన ఇన్వర్టర్లు ఒక్కసారిగా ఆగిపోవడంతోనో ఆ దాగి ఉన్న 15 మెగావాట్లు గ్రిడ్‌పై పడతాయి. కనుక లోడ్‌ను లోడ్‌గా, ఉత్పత్తిని ఉత్పత్తిగా విడివిడిగా చూపడమే శ్రేయస్కరం.

భారీ సౌర కేంద్రాల విషయంలో జాగ్రత్త మరింత అవసరం. 2016 ఆగస్టు 16న కాలిఫోర్నియాలో దావానలం వలన లైన్లలో లోపాలు ఏర్పడినప్పుడు, ఆ కేంద్రాలేవీ నేరుగా దెబ్బతినకపోయినా, దాదాపు 1,200 మెగావాట్ల సౌర ఉత్పత్తి క్షణాలలో తగ్గిపోయినది. కొన్ని ఇన్వర్టర్లు క్షణకాలపు వికృత తరంగాన్ని ఫ్రీక్వెన్సీ పతనంగా పొరబడటం ఒక ముఖ్య కారణమని విచారణలో తేలినది. ఆ స్వభావం అప్పటి నమూనాలలో లేదు. కర్నూలులో 1,000 మెగావాట్ల సౌర పార్కు, అనంతపురం ప్రాంతంలో భారీ సౌర, పవన కేంద్రాలు గల మన రాష్ట్రానికి ఈ అనుభవం గమనార్హం.

సమన్వయం జరిగే తీరు

ఈ పనికి ఒక క్రమం ఉన్నది. ముందుగా ఒకే తేదీ, ఒకే గంటను ఎంచుకొంటారు. రెండు నమూనాలలోని ప్రతి కేంద్రానికి, ప్రతి సబ్‌స్టేషన్‌కు జత కలిపే పట్టికను తయారు చేస్తారు. ఈ జతను పేరును బట్టి మాత్రమే కాక, వోల్టేజి స్థాయిని, దానికి కలిసి ఉన్న లైన్లను కూడా చూసి నిర్ధారిస్తారు. తరువాత జనరేటర్లను సరిచూస్తారు. వాటి సంఖ్య తక్కువ, మీటర్లు నమ్మకమైనవి కనుక అక్కడ ప్రారంభించడం సులువు. ప్రతి యూనిట్ నడుస్తున్నదా, ఎంత ఉత్పత్తి చేస్తున్నది, అది స్థూలమా నికరమా అన్నవి తేల్చిన పిమ్మట లోడ్‌లను ఒకే వోల్టేజి స్థాయికి తెచ్చి పోలుస్తారు. చివరకు ఉత్పత్తి మొత్తం, లోడ్, నష్టాలు, ఇతర రాష్ట్రాలతో ఇచ్చిపుచ్చుకొన్న విద్యుత్ కలిసిన మొత్తానికి సమానమా కాదా అని చూస్తారు.

ఇక్కడ రెండు ప్రలోభాలకు లోను కాకుండా ఉండటం ముఖ్యం. గణనలో మిగిలిన తేడానంతా భరించడానికి ప్రతి నమూనాలోనూ ఒక కేంద్రాన్ని కేటాయిస్తారు. ఇంజనీర్లు దీనిని స్లాక్ బస్ అంటారు. ఇంట్లో దొరకని వస్తువులన్నీ అటక మీద ఉన్నాయనుకొన్నట్లు, లెక్క కుదరని మెగావాట్లన్నీ ఆ కేంద్రం ఖాతాలో చేరతాయి. మొత్తం సరిపోయినట్లు కనిపిస్తుంది. ఆ ఒక్క కేంద్రం నమూనాలో ఎంత ఉత్పత్తి చేస్తున్నది, వాస్తవంలో ఎంత చేసినది అని చూస్తే దాగిన దోషం బయటపడుతుంది.

రెండవ ప్రలోభం అన్ని లోడ్‌లను ఒకే నిష్పత్తిలో పెంచి లేదా తగ్గించి మొత్తాన్ని సరిపెట్టడం. ఊహాజనితమైన ఉదాహరణ చెప్పుకొంటే, నమూనాలో పంపుసెట్ల ప్రాంతం 300, తీర పట్టణాలు 500, మొత్తం 800 మెగావాట్లు. వాస్తవంలో పంపుసెట్ల ప్రాంతం 450, పట్టణాలు 350, మొత్తం అదే 800 మెగావాట్లు. మొత్తాలు సమానమే. కాని పంపుసెట్ల ప్రాంతానికి వెళ్లే లైన్లపై నమూనా చూపని 150 మెగావాట్లు అదనంగా ప్రవహిస్తున్నాయి. మొత్తం సరిపోవడం సమన్వయానికి ఆరంభం మాత్రమే. ఏ మెగావాట్ ఏ చోట ఉన్నదో తేలినప్పుడే సమన్వయం పూర్తయినట్లు. మిగిలిపోయిన ప్రతి తేడాకూ కారణం వ్రాసి ఉంచడం, కారణం దొరకని దానిని దొరకలేదనే నమోదు చేయడం ఉత్తమ సంప్రదాయం.

చివరి పరీక్ష గడచిన ఘటన. ఎప్పుడో ఒక యూనిట్ ఆగిపోయినప్పుడు, లేదా ఒక లైను తెగినప్పుడు గ్రిడ్ ఎలా స్పందించినదో సెకనుకు పదుల సార్లు కొలిచే పరికరాలు నమోదు చేసి ఉంటాయి. అదే ఘటనను నమూనాలో పునరావృతం చేసి రెండు రేఖలను ఒకదానిపై ఒకటి ఉంచి చూస్తే నమూనా నమ్మదగినదో కాదో తేటతెల్లమవుతుంది. 1996లో అమెరికా ఇంజనీర్లకు దోషం తెలిసినది ఈ విధంగానే.

ప్రజలకు దీనివలన కలిగే మేలు

ఇతర ప్రాంతాల నుండి ఎంత విద్యుత్తును సురక్షితంగా దిగుమతి చేసుకోవచ్చో లోడ్ డిస్పాచ్ కేంద్రాలు నమూనాల సహాయంతోనే నిర్ణయిస్తాయి. నమూనాలో లోడ్ వాస్తవం కన్నా ఎక్కువగా లేదా తప్పు చోట ఉంటే లైన్లలో ఖాళీ ఉండి కూడా లేదనిపిస్తుంది. ఎక్కడో చవకగా లభిస్తున్న విద్యుత్తు రాష్ట్రానికి చేరదు. ఆ భారం కొనుగోలు వ్యయంగానో, కోతగానో వినియోగదారునిపై పడుతుంది. నమూనాలో లోడ్ తక్కువగా ఉంటే లేని ఖాళీ ఉన్నట్లు కనిపించి లైన్లపై పరిమితికి మించిన భారం పడుతుంది. ఒక తప్పు ధనాన్ని హరిస్తుంది, మరొక తప్పు భద్రతను హరిస్తుంది. కొత్త సబ్‌స్టేషన్లు, లైన్లపై వెచ్చించే ప్రజాధనం సరైన చోట ఖర్చవుతున్నదా అన్నది కూడా ఈ వివరాలపైనే ఆధారపడి ఉన్నది.

ఈ ప్రాధాన్యాన్ని గుర్తించి, 2023 అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చిన భారత విద్యుత్ గ్రిడ్ నియమావళి, అధ్యయనాలలో వాడే గణిత నమూనాల సరితనాన్ని నిర్ధారించేందుకు విద్యుత్ కేంద్రాలు తదితర పరికరాలకు అయిదేళ్లకోసారి పరీక్షలు నిర్వహించాలని నిర్దేశించినది. అయితే నియమం ఉన్నంత మాత్రాన పని పూర్తి కాదు. లోడ్ వివరాలు డిస్కంల వద్ద, యంత్రాల వివరాలు ఉత్పత్తి సంస్థల వద్ద, లైన్ల వివరాలు ట్రాన్స్‌కో వద్ద, క్షణక్షణపు కొలతలు లోడ్ డిస్పాచ్ కేంద్రం వద్ద ఉంటాయి. ఒక కేంద్రంలో ట్రాన్స్‌ఫార్మర్ మార్చినా, ఒక ఫీడర్‌ను వేరొక సబ్‌స్టేషన్‌కు తరలించినా ఆ సమాచారం మిగిలిన అందరికీ చేరవలసి ఉంటుంది. సబ్‌స్టేషన్ లాగ్ పుస్తకంలో నమోదైన ఆ ఒక్క పంక్తి నమూనా వరకు ప్రయాణించిందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

పాత్రికేయులు గమనించదగిన అంశాలు

విద్యుత్ అంకెలను ప్రచురించేటప్పుడు ఈ కింది వివరాలను అడిగి తెలుసుకోవడం ఉపయుక్తం.

– ఆ అంకె ఏ గంటకు సంబంధించినది? రోజు గరిష్ఠమా, లేక విడివిడి గరిష్ఠాల మొత్తమా?

– మెగావాట్లా, మిలియన్ యూనిట్లా? 1,000 మెగావాట్ల విద్యుత్తును 24 గంటలు వినియోగిస్తే 24 మిలియన్ యూనిట్లు అవుతాయి. మొదటిది క్షణంలోని స్థాయి, రెండవది కాలంలోని పరిమాణం.

– ఉత్పత్తి స్థూలమా, నికరమా?

– రాష్ట్రంలో ఉన్న కేంద్రాల ఉత్పత్తా, లేక రాష్ట్రానికి వాటా ఉన్న ఉత్పత్తా?

– డిమాండ్‌లో పైకప్పు సౌర విద్యుత్తుతో తీరిన భాగం కలిసి ఉన్నదా, లేదా?

– కోత విధించిన సమయంలో తీరని డిమాండ్ కలిపి చెబుతున్నారా, లేక సరఫరా చేసినది మాత్రమేనా?

ఈ ప్రశ్నలే ఇంజనీర్లు నమూనాలను సరిచూసేటప్పుడు తమకు తాము వేసుకొనే ప్రశ్నలు కూడా. అధికారులు ప్రతి అంకెతో పాటు దాని నిర్వచనాన్ని కూడా జతపరచినట్లయితే అపోహలకు తావుండదు.

ఇంటి జమాఖర్చులో పది రూపాయల తేడా వస్తే ఆ రాత్రే కూర్చొని తేల్చుకొనే గృహిణులు మన మధ్య ఉన్నారు. తేడా చిన్నదే అయినా అది ఎందుకు వచ్చినదో తెలియకపోవడం చిన్న విషయం కాదని వారికి తెలుసు. కోట్లాది ప్రజల వెలుగుకు ఆధారమైన గ్రిడ్ లెక్కలకు కూడా అదే శ్రద్ధ వర్తిస్తుంది. గ్రిడ్ ప్రశాంతంగా నడుస్తున్న రోజులలోనే ఈ తేడాలను వెదికి సరిదిద్దడం అన్ని సంబంధిత శాఖల, సంస్థల ఉమ్మడి బాధ్యత.

(సమాచార, పౌర సంబంధాల శాఖ – ప్రత్యేక వ్యాస విభాగం)